వాకబుకొచ్చినవారికి ఒకే జవాబు

2002లో నన్ను బందరులో ఒక ప్రైవేటు ఆస్పత్రికి మెడికల్ రికార్డుల అధికారిగా తీసుకున్నారు. హోదా పేరు పెద్దదే గాని, పని మాత్రం రోగుల కాగితాలన్నీ కంప్యూటరులోకి ఎక్కించి, వాటిని భద్రంగా ఉంచడం. గుడివాడ నుంచి రోజూ పాసింజరులో వచ్చేవాణ్ణి. అంతకు ముందు పాత కేస్ షీటు కావాలంటే డాక్టరుగారి చీటీ ఉండాలి, అటెండరు రికార్డు గదిలో దుమ్ము దులిపి వెతకాలి. కంప్యూటర్లు వచ్చాక రిజిస్ట్రేషన్ కౌంటరులో పేరు కొడితే చాలు, ఎవరు ఏ జబ్బుకి వచ్చారో తెర మీద పడేది. కొత్తలో అందరం మురిసిపోయాం.

ఆ కౌంటరులో సత్యవతిగారు కూర్చునేవారు. దివిసీమ నుంచి ముదినేపల్లి దాకా ఎవరొచ్చినా ఆవిడకు పిన్నో, బాబాయో, వదినో అయ్యేవారు. ఆవిడతో రెండు మాటలాడితే సగం జ్వరం దిగిపోతుందని మా డాక్టర్లే అనేవారు.

మా వైపు సంబంధం ఖాయం చేసుకునే ముందు వాకబు చేయడం ఆనవాయితీ. ఆస్తి గురించి ఊళ్లోవాళ్లని, గుణం గురించి ఇరుగుపొరుగుని, ఒంట్లో సంగతి ఆస్పత్రివాళ్లని అడుగుతారు. అడిగేవాళ్లకీ, చెప్పేవాళ్లకీ అందులో తప్పు కనిపించదు. సత్యవతిగారు తెర చూసి, ఏమీ లేకపోతే "పిల్ల బంగారమండీ, నిక్షేపంగా ఉంది" అని పంపేవారు. ఏదైనా ఉంటే మాత్రం ప్రాణం పోయినా చెప్పేవారు కాదు. "సిస్టమ్ పనిచేయట్లేదు బాబాయిగారూ" అని తప్పించేవారు. రహస్యం కాపాడటమంటే అదేనని ఆవిడ నమ్మకం.

ఈ వ్యవహారం నాకు తెలిసింది తులసి వచ్చినప్పుడు. ఆమె దివిసీమలో టీచరు. అంతకు కొన్నేళ్ల ముందు మా దగ్గరే క్షయకు మందులు వాడి, పూర్తిగా నయమై వెళ్లింది. ముదినేపల్లి సంబంధం ఒకటి మాటల్లో ఉంటే, పెళ్లికొడుకు మేనమామ వాకబుకి వచ్చాడు. సత్యవతిగారు అలవాటు ప్రకారం సిస్టమ్ పనిచేయట్లేదన్నారు. పక్క కిటికీలో అదే సిస్టమ్ మీద బిల్లులు టకటకా వస్తున్నాయి. పైగా ఆయన తన పెద్ద మేనల్లుడి సంబంధానికి ఇదే కౌంటరులో "బంగారం" అన్న మాట విని వెళ్లినవాడు. ఆయనకు విషయం అర్థమైపోయింది. సంబంధం వద్దని, కారణంతో సహా కబురు పెట్టారు.

తులసి నా గదిలో కూర్చుని, గొంతు పెంచకుండానే మాట్లాడింది. "అబద్ధం చెప్పమనట్లేదండీ. ఆదివారం ఆ అబ్బాయి మా ఇంటికొస్తే నేనే చెబుదామనుకున్నాను. నా జబ్బు, నేను చెప్పుకోవాల్సింది. నాకంటే ముందు మీ కౌంటరు చెప్పేసింది" అంది.

ఎవరూ నోరు విప్పలేదు కదమ్మా అన్నాను.

"అందరికీ విప్పి, నా దగ్గర మూశారు కదండీ."

మనసు చివుక్కుమంది.

సూపరింటెండెంటుగారితో మాట్లాడి రెండు మార్పులు చేయించాను. మొదటిది, కౌంటరు తెర మీద పేరు, నంబరు తప్ప ఇంకేదీ కనిపించకూడదు. జబ్బు వివరం వైద్యం చేసే డాక్టరు తన పాస్‌వర్డు కొడితేనే రావాలి, ఎవరు తెరిచారో కూడా నమోదు కావాలి. ఇది సాఫ్ట్‌వేరువాళ్లు సులువుగానే చేసిపెట్టారు. రెండోదే మెడకు చుట్టుకుంది. తెర చూడకుండానే తెలిసినా సరే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల గురించి కూడా ఏమీ చెప్పకూడదు.

సత్యవతిగారు నా మీద విరుచుకుపడ్డారు. "వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు. నేను నిజం చెప్పి చేయిస్తుంటే వద్దంటారేంటండీ?" అన్నారు. అప్పుడు తులసి సంబంధం ఎందుకు తప్పిందో చెప్పాను. ఆవిడకు అప్పటిదాకా తెలియదు. "ఆ పిల్లని కాపాడాననుకున్నానండీ" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

కొన్నాళ్లకు పామర్రు నుంచి ఒకాయన వాకబుకి వచ్చాడు. అడిగింది సత్యవతిగారి సొంత అన్నకూతురి గురించి. ఈవిడ మేనత్త అని ఆయనకు తెలియదు. ఒక్క మంచి మాట చాలు, సంబంధం కుదిరిపోతుంది. ఆవిడ పక్కనే ఉన్న నా వైపు గుడ్లురిమి చూసి, ఆయనతో "మేం ఎవరి గురించీ చెప్పమండీ, ఇది మా పద్ధతి" అన్నారు. ఆయన మొహం ముడుచుకుని వెళ్లిపోయాడు. "ఆ పిల్లకి జలుబు కూడా లేదు సార్" అని నన్ను కడిగేసి, మళ్లీ వెళ్లి కౌంటరులో కూర్చున్నారు. నా ఉద్యోగకాలంలో నాకు అంత గౌరవం కలిగించిన సహోద్యోగి మరొకరు లేరు.

దాచాల్సింది ఉన్నచోటే తలుపు వేస్తే, ఆ తలుపే సంగతి చెప్పేస్తుంది. ఏమీ లేనిచోట కూడా వేసి ఉంచాలి. తర్వాత పనిచేసిన చోటల్లా కొత్తగా చేరినవాళ్లకి మొదట నేర్పింది ఇదే.

ఇది విన్నవాళ్లు తులసికి చివరికి పెళ్లయిందా అని అడుగుతారు. అది ఆమె అసలు పేరు కాదు, ఊళ్లు కూడా మార్చాను. ఏమైందో నాకు తెలుసు, చెప్పను. సత్యవతిగారి అన్నకూతురి సంగతీ చెప్పను.