పెళ్లికూతురి గాజులు, నా స్నాప్‌షాట్

నిలబడి చదువుతుంటే కాస్త కూర్చోండి. ఒక్క దెబ్బతో ఒక పెళ్లిని గాజుల్లేకుండా చేయబోయిన ఘనుణ్ణి నేను.

అప్పట్లో నాకు లినక్స్ కొత్త. విండోస్ బదులు కంప్యూటర్‌ని నడిపే ఉచిత సిస్టమ్ అది. కొత్త పెళ్లికొడుకు పెళ్లాం ఫొటో చూపించినట్టు కనిపించినవాళ్లందరికీ చూపించేవాణ్ణి. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే అన్వర్ భాయ్ మా అన్నయ్యకు దోస్తు. ఆయన డిజైన్లు గీసుకునే కంప్యూటర్ వైరస్‌తో మూలుగుతుంటే, నేనే వెళ్లి లినక్స్ ఎక్కించాను.

"తమ్మీ, రేపు ఇది ఖరాబైతే ఎట్ల?" అన్నాడాయన.

దానికి రెండు దారులున్నాయి. గీసినవి రోజూ ఇంకో డిస్కులోకి కాపీ చేసుకోవడం ఒకటి. మరీ చప్పగా అనిపించింది. రెండోది స్నాప్‌షాట్. సిస్టమ్ ఇవాళ ఎలా ఉందో అలాగే దాచి, చెడిపోయినప్పుడు మళ్లీ ఈ రోజుకే తీసుకొస్తుంది. "సొంత ఫైళ్లు కూడా కలపాలా?" అని ఆ ప్రోగ్రామ్ మర్యాదగా అడిగింది. పెళ్లిలో వడ్డించేవాడు అడిగితే వద్దంటామా? కలిపేశాను. ఒకే ఒక్క స్నాప్‌షాట్ తీసి చేతులు దులుపుకున్నాను.

"ఫికర్ వద్దు భాయ్. కాలాన్నే వెనక్కి తిప్పుతా!"

తిప్పాను కూడా. అదే నా ఖర్మ.

కొన్ని వారాల తర్వాత, ఒక పెళ్లికూతురు తన గాజుల డిజైన్లు చూసుకోవడానికి వస్తానన్న రోజే నాకు అప్‌డేట్ వేయాలని బుద్ధి పుట్టింది. వేశాను. తెర మీద అమావాస్య! దర్జాగా ఆ నల్ల తెర మీదే నాలుగు ఆదేశాలు కొట్టి పాత స్నాప్‌షాట్ తెచ్చాను. తెర వెలిగింది. అన్వర్ భాయ్ నా వీపు తట్టి, పెళ్లికూతురి డిజైన్ల కోసం వెతికాడు. లేవు.

"ఏంది తమ్మీ, ఏడబోయినయ్?"

"భాయ్... మనం వాటిని గీయకముందు రోజుకు పోయినం. అవి ఇంకా పుట్టలే."

"పుట్టలేదా? యా అల్లా! పిల్ల ఛత్రినాక కాడ ఆటో ఎక్కింది, పావుగంటల ఈడుంటది!"

పిల్ల దిగింది, వాళ్లమ్మతో సహా. అన్వర్ భాయ్ గుర్తున్నంతవరకు అప్పటికప్పుడు లక్క వేడి చేసి రాళ్లు అద్దడం మొదలుపెట్టాడు. తొడిగి చూద్దామంటే పెళ్లికూతురి చేతుల నిండా తడి గోరింటాకు. ఆయన దుకాణమంతా చూశాడు. చివరికి అగరబత్తీల్లాంటి నా చేతుల మీద చూపు ఆగింది.

"చెయ్యి ఇయ్యి."

"భాయ్, నేను..."

"చెయ్యి!"

సగం బజారు చూస్తుండగా మోచేతుల దాకా గాజులెక్కాయి.

"అన్నా, చెయ్యి జర చెంప దగ్గర పెట్టు," అంది పెళ్లికూతురు.

"జర నవ్వయ్యా," అంది వాళ్లమ్మ. "పెండ్లిల గట్ల ఏడుపు మొఖమేంది?"

నవ్వాను. మస్తున్నాయన్నారు. ఖాయం చేసుకుని వెళ్లిపోయారు. ఎక్కించేటప్పుడు నలిగి చేతులు వాచాయేమో, గాజులు మాత్రం రానన్నాయి. సబ్బు రాశాం, నూనె రాశాం.

"పగలగొట్టు భాయ్!"

"పగలగొడితే నమూనా ఏడిది? కంప్యూటర్ల పెడితే మల్ల మాయం చేస్తవ్. రేపటిదాంక నీ చేతికే ఉండనీ."

బస్సులో కండక్టరమ్మ గాజులు చూసి ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టబోయి, మీసం చూసి ఆగింది. ఇంటికొస్తే అమ్మ తలుపు తీసి గుమ్మంలోనే కొయ్యబారింది.

"ఏందిరా గివి?"

"బ్యాకప్ అమ్మా."

చార్మినార్ నాలుగు మీనార్ల సాక్షిగా ఆనాడే ఒట్టేసుకున్నాను. స్నాప్‌షాట్ సిస్టమ్‌కే. మనుషులు కష్టపడి గీసుకున్నవి విడిగా ఇంకో డిస్కులోకే. ఇక మీదట కాలాన్ని వెనక్కి తిప్పాల్సి వస్తే, పొడుగు చేతుల చొక్కా లేకుండా మాత్రం తిప్పను.