మా అత్త చూడని గడియారం

తొమ్మిదో నెల రాగానే నా కాన్పుకు ముహూర్తం పెట్టేశారు. మా మామయ్య ఊళ్లో రాజకీయం నడిపే రైతు. సిద్ధాంతి ముందు కూర్చుని పుట్టబోయే బిడ్డకు నక్షత్రం కూడా ఖాయం చేసుకొచ్చాడు. గురువారం పది నలభైకి ఆపరేషన్. డాక్టరమ్మ చెప్పిన తేదీకి అది మూడు వారాలు ముందు. ఆ తర్వాత మంచి రోజులు లేవట.

నేను రెంటచింతలలో పుట్టింట్లో ఉన్నాను. అసలే ఎండాకాలం, అందులోనూ రెంటచింతల. తడిబట్ట మీద పడుకుని రోజులు లెక్కపెట్టుకునేదాన్ని. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మా ఆయన, తన షిఫ్టు మారిన సంగతి చెప్పినట్టు ఫోన్లో ఈ ముహూర్తం సంగతి చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కడుపు నాది, కోసేది నన్ను, ఒక్కరైనా అడిగారా? మా అమ్మేమో "పెద్దోళ్లు అనుకున్నాక మనం ఏమంటాం" అని ఊరుకుంది.

రెండు రోజులకు సంచెడు నిమ్మకాయలతో మా అత్త దిగింది. ఆమెంటే నాకు హడల్. నోరు తెరిస్తే కారం మిల్లే. వచ్చీ రాగానే మంచం పక్కన కూర్చుని నా పొట్ట మీద చెయ్యి వేసింది.

"ఏమే, నీకెట్టా కావాలే?"

"ఏంది అత్తా?"

"కాన్పు. మామూలుగా కంటావా, కోయించుకుంటావా? నా కోసమని చెప్పబాక. నీ మనసులో ఉన్నది చెప్పు."

ఏడుపు ఆగలేదు నాకు. నొప్పులంటే భయమేనని, అయినా అవసరం లేకుండా కోయించుకోవడం ఇష్టం లేదని చెప్పాను. ఆమె తలూపి, నిమ్మకాయ నీళ్లు కలపడానికి లేచింది.

మర్నాడు నరసరావుపేట ఆస్పత్రిలో, మామయ్య ఎదుటే డాక్టరమ్మను నిలదీసింది. "బిడ్డ తల కిందికుందా? ఉమ్మనీరు బాగుందా? దీని బీపీ బాగుందా?" అన్నిటికీ బాగుందనే చెప్పింది డాక్టరమ్మ.

"మరి ముందుగా తీయాల్సినంత జబ్బేంది?"

"ఏం లేదమ్మా. మీవాళ్లు అడిగారని ఒప్పుకున్నాను. ఆగితే బిడ్డకే మంచిది."

"నక్షత్రం పోద్దే" అన్నాడు మామయ్య.

"పోతే పోనీ. ఆ నక్షత్రం మళ్లీ నెలకొస్తది. ముందు బిడ్డని నిండనీ."

ఆ గురువారం మామూలుగానే గడిచిపోయింది. మామయ్య అత్తతో మాట్లాడడం మానేశాడు. ఆమె మా ఇంట్లోనే ఉండిపోయి, పొద్దునా సాయంత్రం నన్ను నడిపించింది. చానా ఓపిక ఆమెకు. నాకే లేదు.

చివరికి ఒక మంగళవారం పొద్దున నొప్పులు వచ్చాయి. మధ్యాహ్నం దాకా ఆస్పత్రిలో ఆ నొప్పులు పడ్డాను. అప్పుడు డాక్టరమ్మ వచ్చి బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గుతోందని, ఆపరేషన్ చేయక తప్పదని చెప్పింది. మా ఆయన ఇంకా దారిలోనే ఉన్నాడు. ఇంత కొట్లాడిన అత్త ఇప్పుడేమంటుందోనని నేను బిక్కచచ్చిపోయాను. డాక్టరమ్మ మాట పూర్తి కాకముందే ఆమె, "కొయ్యండి తల్లీ. సంతకం ఏడ పెట్టాల?" అంది.

మామయ్య వాచీ చూసుకున్నాడు. మూడు దాటింది. "రాహుకాలం. నాలుగున్నర దాకా ఆగలేమా?"

ఆమె అతని వైపు తల కూడా తిప్పలేదు. నా మీదికి వంగి, "నువ్వేం ఓడిపోలా. బిడ్డకి ఇప్పుడు ఇదే దారి. పో" అంది. అంత నెమ్మదైన గొంతు ఆమెకు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ గొంతు ఇచ్చిన ధైర్యంతోనే లోపలికి వెళ్లాను.

ఆడపిల్ల పుట్టింది. బయట మామయ్య మొదట అడిగింది, ఎన్నింటికి పుట్టిందని.

"చూళ్లా. ఏడుపు ఇంటన్నా" అందట అత్త.

ఆమె కూర్చున్నది గోడ గడియారానికి ఎదురుగానే అని మా అమ్మ తర్వాత చెప్పింది. ఆస్పత్రి కాగితం మీద టైం రాసే ఉంది. ఆ కాగితం అత్త బీరువాలో, ఆమె పట్టుచీరల అడుగున ఉంది. మా పిల్ల బడికి వెళ్తోంది, జాతకం రాయిద్దామనే మామయ్య కంట ఆ కాగితాన్ని ఆమె ఇంతవరకూ పడనివ్వలేదు.