అమ్మోరి తోరణం కింద కంటైనరు

ఇవాళ పొద్దున్న యార్డులో కంటైనరు తలుపులు ధడేలుమని మూశారు. ఆ చప్పుడు వింటే ఇప్పటికీ నా వెన్ను నిటారవుతుంది, సింహాచలం గారు వెనకాలే నిలబడ్డట్టు. శ్రీకాకుళంలో మా లారీ ఆఫీసుకి ఆయన మేనేజరు. ముప్పయ్యేళ్లు ఫోను మీదే బళ్లు నడిపించిన మనిషి. ఏ డ్రైవరు ఏ దాబాలో టీ తాగుతున్నాడో కుర్చీలోంచే చెప్పేవారు. బళ్లకి జీపీఎస్ పెట్టించి తెర ముందు నన్ను కూర్చోబెట్టినప్పుడు, ఈయన నన్ను బతకనివ్వరనే అనుకున్నాను. ఆయనేమో, "ఏటమ్మా, ఆ సుక్కేనా మన బండి? ఓలమ్మో, కదుల్తాంది!" అని మురిసిపోయారు.

ఒక్క విషయంలో మాత్రం మొండిఘటం. కొత్త దారిలో ఎత్తు బండి వెళ్లాలంటే ముందు ఆ దారిలో వెదురుగడ వెళ్లాలి. బండి ఎత్తుకి సరిగ్గా కోసిన గడ అది. ఒకరు ముందు వెళ్లి, తీగల కిందా కొమ్మల కిందా నిలబెట్టి చూసి రావాలి. నాకు నవ్వొచ్చేది. మ్యాపులో అన్నీ ఉంటాయి కదా అనేదాన్ని. అప్పుడు నాకు కాస్త పొగరే లెండి.

ఆ రోజు జీడిపప్పు కంటైనరు సాయంత్రం అయిదులోగా విశాఖ రేవుకి చేరాలి. దాటితే గేటు మూస్తారు, ఓడ వెళ్లిపోతుంది. "ఇది తప్పితే ఆ తెరా వద్దు, నువ్వూ వద్దు," అని ఓనరు ముందే అనేశారు. మధ్యాహ్నం హైవే మీద లారీ బోల్తాపడి బళ్లన్నీ ఆగిపోయాయని తెర చూపించింది. సింహాచలం గారు భోజనానికి వెళ్లారు. నేను ఎవరినీ అడక్కుండా బండిని విజయనగరం వైపు ఊళ్ల దారిలోకి మళ్లించాను. కాసేపటికి చుక్క ఆగిపోయింది. డ్రైవరు ఫోను చేశాడు.

"అమ్మోరి సంబరాలమ్మా! దారికడ్డంగా లైట్ల తోరణం కట్టీసినారు. పైన జానెడు తగుల్తాది."

వెనక్కి తిప్పడానికి చోటు లేదట. నేను వెంటనే ఫోను చేస్తే, సింహాచలం గారు తిట్టకుండా భోజనం మధ్యలోంచి లేచి వచ్చారు. "బండెక్కు," అని మోటారు సైకిలు తీశారు.

మేం అక్కడికి చేరేసరికి ఊరిపెద్ద ససేమిరా అన్నాడు. "అమ్మోరి తోరణం ఇప్పితే ఊరికి మంచిది కాదు."

"ఇప్పొద్దు మావా, మూరెడు ఎత్తండి సాలు," అన్నారు సింహాచలం గారు. "ఇది మన జీడితోటల పప్పే. అమ్మోరు ఓడ దాకా సాగనంపుతాదా, నేదా?"

పెద్దాయన నవ్వేశాడు. కరెంటు తీయించారు. ఇళ్లలోంచి గడలొచ్చాయి. ఇరవై మంది తోరణాన్ని పైకెత్తి పట్టుకుంటే, డప్పుల మోతలో మా నీలం పెట్టె ఊరేగింపులా కిందనుంచి నడిచిపోయింది. నేను ఏడుస్తూనే చప్పట్లు కొట్టాను. మేం ఆఫీసుకి తిరిగొచ్చాక, నాలుగూ నలభైకి తెర మీద చుక్క రేవు గేటు దాటింది.

మర్నాడు ఓనరు వచ్చి, "బండిని అటు పంపిందెవరు?" అన్నారు.

సింహాచలం గారు నావైపు వేలు చూపించారు. "ఈ పిల్లే. అడక్కుండా పంపింది, అది తప్పే. కానీ హైవే మీదున్న బళ్లన్నీ ఓడ తప్పినాయి. మనదొక్కటే ఎక్కినాది." ఓనరు తలూపి వెళ్లిపోయారు. సింహాచలం గారు నావైపు తిరిగి, "ఏ ఊళ్లో ఎప్పుడు సంబరాలో నాను సెప్తాను. ఆ మ్యాపులో ఎక్కించు," అన్నారు.

ఇప్పుడాయన లేరు, ఆ కుర్చీ నాది. దారి మార్చే ముందు ఆ ఊళ్లో ఎవరో ఒకరికి ఫోను చేసి, "పంపీయమ్మా," అని గొంతు వినపడ్డాకే మీట నొక్కుతాను. ఆ రోజు నుంచి మా బండి ఒక్కటీ ఓడ తప్పలేదు. గొప్పలు చెప్పుకుంటున్నానంటారా? చెప్పుకుంటాను. నేను సింహాచలం గారి దగ్గర పని నేర్చుకున్నదాన్ని.