నానీ కాలి కట్టు

సఫూరా చదువు పదితో ఆగింది. పగలు నల్లపాడు దగ్గరి కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకు ముచ్చికలు తీస్తుంది. సాయంత్రం ఫోన్లో నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు. ఎదురుగా మనిషుంటే నోరు పెగలదు. ఫోన్ అవతలి అన్విత మేడం మాటకు మాత్రం సఫూరా దగ్గర తిరుగులేదు.

వారం వారం కట్టు కట్టి వీడియో పంపాలి. కట్టడానికి కాలు ఇంట్లోనే ఉంది, అమ్మమ్మది. నానీ జాన్‌బీకి షుగరు, మడమ మీద పుండు మానీ మానకుండా ఉంది. గ్లవుజులు అయిపోయాక సఫూరా సబ్బుతో చేతులు రుద్ది కడిగి, ఒట్టి చేతులతోనే కట్టింది. తప్పయితే మేడం చెప్పరా?

"వెరీ గుడ్ సఫూరా, కట్టు నీట్‌గా ఉంది."

ప్రతిసారీ అదే జవాబు. ప్రతిసారీ నానీకి చదివి వినిపించేది.

ఓ సాయంత్రం మేస్త్రి యలమందయ్య, "అమ్మాయ్, ముచ్చిక తీసిన కాయ వీడియో పంపు, షావుకారు చూస్తాడంట" అన్నాడు. హడావుడిలో అది మేడంకి పోయింది. తుడిపేసేలోపే జవాబొచ్చింది.

"వెరీ గుడ్ సఫూరా, కట్టు నీట్‌గా ఉంది."

ఎర్రటి కుప్ప, అందులో తన వేళ్లు. కట్టెక్కడుంది?

ఇంటికెళ్లి పాత వీడియోలన్నీ తిరగేసింది. తన వేళ్లు తగలగానే నానీ కాలివేళ్లు ముడుచుకుపోతున్నాయి. అన్నిట్లోనూ. చూసినవాళ్లెవరికైనా తెలిసేదే.

"నానీ, మండేదా?"

"మండదా మరి! సబ్బుకి పోతుందా మిరప ఘాటు?"

"చెప్పలేదేం?"

"మీ మేడం బాగుందంటోందిగా. చదువుకున్నావిడ కంటే నాకెక్కువ తెలుసా? మందు పనిచేస్తే మండుతుందేమో అనుకున్నా."

సఫూరా కళ్లు మసకబారాయి. మొదటిసారి తనే మేడంకి ఫోన్ చేసింది.

"మేడం, ఇందాక పంపింది మిరపకాయలండి."

"సారీ అమ్మా... అందరికీ అలాగే పెడతా. తప్పులు చెబితే మధ్యలో మానేస్తారని."

"నేను కోర్సు మానేసినా నానీ పుండు మానేదండి," అంది సఫూరా. "నా తప్పు నాకు చెప్తారనే కదండీ పంపింది."

మేడం ఇంకేదో అంటుండగానే పెట్టేసింది. వీధి చివర మందుల షాపుకి వెళ్లి గ్లవుజులు తెచ్చింది. మిరప ఘాటు పోయేలా చేతులకు నూనె రాసి తుడిచి, సబ్బుతో కడిగి, తొడుక్కుని, నానీ కాలు ఒళ్లోకి తీసుకుంది. ఫోన్ గూట్లోనే ఉండిపోయింది.

"ఈసారి నొప్పైతే తిట్టు నానీ."

"తిడితే మార్కులు పోవూ?"

"పోనీ."

నానీ కాలివేళ్ల వంకే చూస్తూ సఫూరా పాత కట్టు విప్పింది.

"అబ్బా! మెల్లగా లాగవే మొద్దూ," అంది నానీ.

సఫూరా చెయ్యి ఆపి, అంటుకున్న గుడ్డ మీద నీళ్లు చిలకరించి, మళ్లీ మొదలుపెట్టింది.