బళ్ళారి దాటాక దిగిన అత్త

మా మేనత్త గొర్రెల్ని అమ్మేసిన ఏడాది ఆమెను ఇంట్లో కూర్చోబెట్టడం ఎవరివల్లా కాలేదు. బేస్తవారిపేటకు దగ్గర్లోని పల్లె ఆమెది. నలభై ఏళ్ళు మంద వెనక నడిచిన మనిషి. తోడుగా కాసే అతను హైదరాబాదులో బిల్డింగు పనికి పోవడంతో, ఒక్కదాన్నే అడివిలో తిరగలేనని అమ్ముకుంది. అప్పట్నుంచీ పొద్దున్నే లేచి తారురోడ్డు దాకా నడవడం, తిరిగి రావడం, కాసేపటికి మళ్ళీ బయల్దేరడం. మామ పోయి చాలాకాలమైంది. పిల్లల్లేరు.

నాకు కంభంలో చిన్న టైలరింగ్ షాపు ఉంది. మిషన్ ముందు కూర్చుని కూర్చుని నాకూ ఎటైనా పోవాలని ఉండేది. హంపీ మీదుగా గోవా కొండల్లోకి తీసుకెళ్ళే టూరిస్టు రైలొకటి మార్కాపురం రోడ్డు స్టేషన్లో ఆగుతుందని తెలిసింది. పడుకోవడానికి బెర్తులు, వేళకు భోజనం, చూడాల్సిన చోటల్లా రైలు ఆపి బస్సుల్లో తిప్పుతారు. ఇద్దరికీ టికెట్లు తీశాను.

"కూర్చోని పొయ్యేది యాత్రేంది పాపా?" అంది అత్త. అయినా వచ్చింది.

గిద్దలూరు దాటి నల్లమల మొదలవగానే బోగీ అంతా లేచి ఫోన్లు పట్టుకుని కిటికీల మీద పడింది. అత్త వాళ్ళను వింతగా చూసి, "ఈ అడివినేనా ఇంతగా చూసేది?" అని లేచి నడక మొదలుపెట్టింది. ఈ బోగీ నుంచి ఆ బోగీకి, ఆ చివరిదాకా పోయి మళ్ళీ ఇటు. అన్నం పెట్టేవాళ్ళకు అడ్డం వస్తోందని ఒకసారి, పై బెర్తు పిల్లను లేపిందని ఒకసారి నాకు ఫిర్యాదులు. రాత్రి కూడా పడుకోలేదు. "కాళ్ళు గుంజుతుండాయి. బండి నడుస్తాంటే నేను పండుకోవడమేంది?" అంది. ఆమె ఏ తలుపు దగ్గర నిలబడిందోనని నేను గంటకోసారి లేచి చూడటం. బయట ఏ ఊరు పోయిందో, ఏ నది దాటామో నాకు తెలియనే తెలియదు.

రెండో రోజు పొద్దున బళ్ళారి దాటాక ఒక చిన్న స్టేషన్లో ఎదురుబండి కోసం ఆపారు. నేను భుజాన తువ్వాలు, చేతిలో సబ్బుపెట్టె, నీళ్ళసీసాతో ముఖం కడుక్కోవడానికి దిగాను. తలెత్తి చూస్తే అత్త కంచె దాటి పొలాల్లోకి పోతోంది. అవతల బీడునేలలో గొర్రెల మంద ఉంది.

పరుగెత్తి చేరేసరికి ఆమె ఒక గొర్రె దగ్గర కూర్చుని ఉంది. గొర్రె పక్కకు పడి, మెడ చాచి మూలుగుతోంది. కంబళి కప్పుకున్న కాపరి తలపట్టుకుని నిలబడ్డాడు. "రాత్రినుంచి ఇట్లే అమ్మా, ఈనలేదు" అన్నాడు, కన్నడం కలిసిన తెలుగులో.

"పిల్ల అడ్డం తిరిగిండాది" అంది అత్త. నా చేతిలోంచి సబ్బు, నీళ్ళసీసా లాక్కుని మోచేతిదాకా రుద్దుకుంది.

"అత్తా, బండి పోతాది. రా."

"ఒక్క నిమిషం."

ఎదురుబండి ధడధడా వెళ్ళిపోయింది. మా రైలు కూత పెట్టింది.

"అత్తా!"

"నువ్వు పో పాపా. నా చెయ్యి లోపలుండాది. యాడికొచ్చేది?"

నేను రైలు వైపు సగం దూరం పరుగెత్తాను. ఆగాను. వెనక్కి రెండడుగులు వేశాను. మళ్ళీ రైలు వైపు తిరిగేసరికి అది కదిలింది. మా బోగీలో ఉండే ఆవిడ కిటికీలోంచి నవ్వుతూ చెయ్యి ఊపింది. మేం కావాలనే ఆగిపోయామనుకుందేమో. చివరి పెట్టె దాటేదాకా అక్కడే, చెప్పులు మట్టిలో కూరుకుపోయి, నిలబడిపోయాను.

టూరు మేనేజరుకు ఫోన్ చేశాను. అరుస్తాడనుకున్నాను. "సాయంత్రం దాకా హోస్పేటలోనే ఉంటామమ్మా, బస్సులో వచ్చేయండి" అన్నాడు అలసిపోయిన గొంతుతో.

తిరిగి వచ్చేసరికి పిల్ల బయటపడింది. ఊపిరి లేదు. అత్త దాని ముక్కు తుడిచి, కాళ్ళు పట్టి ఊపి, నోట్లో గాలి ఊది చూసి, చివరికి పక్కన పెట్టేసింది. గొర్రె మాత్రం కాసేపటికి తల ఎత్తింది. కాపరి వంగి అత్త కాళ్ళకు మొక్కబోతే, "ఊరుకో నాయనా, దానికి నీళ్ళు తాపు" అని కసిరింది.

రోడ్డుదాకా అతనే దారి చూపించాడు. గంటకు పైగా నడక. అత్త ముందు, మేమిద్దరం వెనక. నిన్నట్నుంచి బిగుసుకుపోయిన మనిషి ఇప్పుడు చేతులు ఊపుకుంటూ పోతుంటే నాకు ఒళ్ళు మండింది. బస్సులో కూర్చోగానే ఏడ్చేశాను.

"హంపీ చూడాలని ఎన్నాళ్ళనుంచి అనుకుంటుండానో తెలుసా నీకు?"

"నిన్ను పొమ్మనే కదా చెప్పినా."

"నిన్నొదిలి ఎట్ల పోతా?"

చూస్తే అత్త నా భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది. హోస్పేటదాకా కదల్లేదు. చెయ్యి తిమ్మిరెక్కినా, దిగి పారిపోవాలనిపిస్తున్నా నేనూ కదల్లేదు.

మేం చేరేసరికి బస్సులు హంపీ చూపించి తిరిగొచ్చేశాయి. మర్నాడు కొండల్లో పెద్ద జలపాతం దగ్గర రైలు నెమ్మదించింది. అత్త చాలాసేపు చూసి, "బాగుండాది" అంది. నేను చూశానో లేదో నాకే గుర్తులేదు. ఆమె తలుపుకు ఎంత దగ్గరగా ఉందో, అదే చూస్తూ ఉన్నాను.

ఇంటికొచ్చిన వారానికే ఆమె పక్కింటివాళ్ళ మందతో కొండకు పోవడం మొదలుపెట్టింది. పొద్దున పోతే మాపటికి వస్తుంది, వచ్చి తిని పడుకుంటుంది. నేను షాపు తెరిచాను గానీ, జాకెట్టు సగంలో వదిలి లేచి గుమ్మంలోకి వచ్చి నిలబడుతున్నాను. ఎందుకక్కా అని కుట్టుపని నేర్చుకునే అమ్మాయిలు అడిగితే పోయి మళ్ళీ మిషన్ ముందు కూర్చుంటాను.

మొన్న మళ్ళీ టూరు ఉందని మేనేజరు ఫోన్ చేశాడు. అత్తను అడిగాను.

"నువ్వు పోయి చూసి రా. నా కోసం చూసుకుంటా కూర్చోబాకు" అంది.

ఒక్క టికెట్టే తీశాను. ప్రయాణం వచ్చే నెలలో. ఇప్పటికే రెండుసార్లు సంచి సర్ది, మళ్ళీ విప్పాను.