మేకుకు వేలాడే క్లచ్ పెడల్

నాంపల్లి స్టేషన్ వెనక సందులో మొగులయ్య షెడ్డుంది. దాని గోడ మీద మేకుకు ఒక పాత క్లచ్ పెడల్ వేలాడుతూ ఉంటుంది. రబ్బరు ఎప్పుడో పోయింది. ఇనుము ఒక మూల అరిగి నున్నబడింది. పాత సామాను కొనేవాళ్లు అడిగితే అది అమ్మేది కాదంటాడు. ఎందుకని అడిగితే కసురుకుంటాడు. నన్ను మాత్రం కసరడు. కోఠిలో బడికి నన్ను మోసే స్కూటరు ఇరవై ఏళ్లుగా ఆయన చేతి చలవతోనే నడుస్తోంది. పైగా ఆ పెడల్ సంగతిలో నాకూ కాస్త వాటా ఉంది.

మొగులయ్యది మెదక్ వైపు పల్లె. పదహారేళ్లకు పట్నం వచ్చి, అబిడ్స్‌లో ఒక గ్యారేజీలో పానాలు అందిస్తూ పని నేర్చుకున్నాడు. చదువు ఐదో తరగతి. అయినా బండి సందు మలుపు తిరుగుతుండగానే చప్పుడు విని దాని రోగమేమిటో చెప్పేస్తాడు. ఇంజన్‌తో ఎంతసేపైనా వేగుతాడు కానీ, మనిషితో కష్టమైన మాట చెప్పాల్సి వస్తే బానెట్ కింద తల దూర్చేస్తాడు. అది మొహమాటం అనుకునేదాన్ని. పిరికితనం అని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

ఆయనకు ప్రాణస్నేహితుడు అంజన్. బేగం బజార్‌లో మిర్చి, మసాలాల వ్యాపారం చేసే శ్రీపతిగారి దగ్గర డ్రైవరు. వాళ్ల పాత ఫోర్‌వీల్ జీపును ఇరవై ఆరేళ్లు నడిపాడు. దాని క్లచ్ ఎంత గట్టిదంటే, ఇంకెవరైనా నాలుగుసార్లు తొక్కితే మోకాలు పట్టేసేది. రెండో గేరు ఎక్కడ మొరాయిస్తుందో అంజన్‌కే తెలుసు. అందుకే శ్రీపతిగారు పోయాక కూడా ఆ ఇంట్లో జీపూ ఉంది, అంజన్ నౌకరీ ఉంది.

రెండేళ్ల కిందట శ్రీపతిగారి కొడుకు రవికిరణ్ ఆ జీపును తెచ్చి షెడ్డులో పెట్టాడు. యాక్సిడెంటైన ఒక కొత్త కారు నుంచి ఇంజనూ, క్లచ్ తొక్కే పనే లేని ఆటోమేటిక్ గేర్‌బాక్సూ కొన్నాడు. వాటిని జీపులో ఎక్కించాలి, పై రూపం మాత్రం మారకూడదు.

"నాయిన బండి ఇగ నేనే నడుపుకుంట. సరుకు పని కిరాయి ఆటోలకు ఇచ్చేస్త. అంజన్‌కు ఇప్పుడే చెప్పకు. ముందే తెలిస్తే ఇడిసి పోతడు, అప్పటిదాంక గోదాము వ్యాను ఎవరు నడపాలె?" అన్నాడు.

మొగులయ్య తలూపాడు. అంత పెద్ద పని ఆయన జన్మలో చేయలేదు. చేసి చూపించాలని చేతులు దురద పెట్టాయి. ఆ దురదే ఆయన కొంప ముంచింది.

పని నాలుగు నెలలు పట్టింది. ముందుగా పాత క్లచ్ సామానంతా ఊడదీసి, పెడల్ తెచ్చి గోడకు తగిలించాడు. కొత్త గేర్‌బాక్సు పాతదానికన్నా జానెడు పొడుగు. నాలుగు చక్రాలకూ బలం పంచే పాత డబ్బాకు అది అతకలేదు. రెంటి మధ్యా వేసే ఇనుప ప్లేటును గౌలిగూడలో లేత్ మిషన్ మీద మూడుసార్లు చేయించాడు. వెనక చక్రాలకు పోయే షాఫ్టు కోసి కురచ చేశాడు, ముందుది పొడిగించాడు.

అంజన్ రోజూ మధ్యాహ్నం సరుకు దించాక వచ్చేవాడు. చాయ్ తెచ్చేవాడు, లైటు పట్టేవాడు. "అన్నా, ఆ పైపు గాడ పెట్టకు, గుంతలల్ల తాకుతది" అని చెప్పేవాడు. తన నౌకరి ఊడగొట్టే పనికి తనే లైటు పట్టాడు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది నాకు.

మూడో నెలలో బ్రేకులు చూపించుకుందామని వెళ్లాను. "మా బడికి వ్యాను డ్రైవరు కావాలి మొగులయ్యా, మంచి మనిషి ఎవరైనా ఉంటే చెప్పు" అన్నాను.

అంజన్ లైటు పట్టుకునే అడిగాడు. "నేను పోవాల్నా, అన్నా?"

పరాచికమనుకుని నవ్వాను. మొగులయ్య బానెట్ కింద నుంచి తల బయటికి తీయలేదు. "గింత మంచి బండి తయారైతుంటె ఇడిసిపెట్టి పోతవా, తమ్మీ?" అన్నాడు. అంజన్ లైటు కాస్త ముందుకు జరిపాడు. ఆ వారంలోనే మా బడివాళ్లు వేరే మనిషిని పెట్టుకున్నారు. అప్పుడే నేను, నిజంగానే వస్తావా అని అంజన్‌ను ఇంకో మాట అడిగి ఉంటే ఎంత బాగుండేది!

జీపు బయటికొచ్చిన రోజు చూడముచ్చటగా ఉంది. తాళం తిప్పగానే దగ్గూ తుమ్మూ లేకుండా లేచింది. అబిడ్స్ ట్రాఫిక్‌లో రవికిరణ్ ఎడమ కాలు కదపకుండా నడుపుకుంటూ వెళ్లి వచ్చాడు. అందరం మొగులయ్య పనితనాన్ని తెగ మెచ్చుకున్నాం. అంజన్ కూడా మెచ్చుకున్నాడు. మర్నాడు అతన్ని పనిలోంచి తీసేశారు.

ఆ తర్వాత అంజన్ ఒక్కసారే షెడ్డుకి వచ్చాడట. ఆ రోజు మొగులయ్య బానెట్ కిందికి దూరలేదు. "నాకు ముందే ఎరుక, తమ్మీ. చెప్పలేకపోయిన" అన్నాడట.

అంజన్ గోడ మీది పెడల్ చూపించాడట. "గది ఊడదీసిన నాడే నాకు సమజైంది, అన్నా. నువ్వే చెప్తవని రోజూ వచ్చిన. స్కూలు నౌకరికి పోవాల్నా అని అడిగింది గూడ గందుకే. నీ నోటితోని పొమ్మంటె పోదామని."

అంజన్ ఇప్పుడు కిరాయి ఆటో నడుపుతున్నాడు. స్టేషన్ బేరాలకు ఆ సందులోంచే పోతుంటాడు. మొగులయ్య చెవి సంగతి తెలిసిందే కదా, ఆటో మలుపులో ఉండగానే చప్పుడు గుర్తుపడతాడు. పానా కింద పెట్టి, చేతులు తుడుచుకుని, గుమ్మంలోకి వచ్చి నిలబడతాడు. ఆటో ఆగదు.