రాజుగారికి బూడిదతో తలంటు

ఒక మహారాజుకు బూడిదతో తలంటు పోయించిన ఘనత ఈ భూమ్మీద నా ఒక్కదానికే దక్కింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదే, పక్క కుర్చీ దాకా వినిపించదు, అంతే.

అప్పుడు ఎమ్మే మొదటి ఏడాది. శనివారం మధ్యాహ్నాలు తార్నాకలో సాహితి అద్దెకున్న ఫ్లాటులో ఒక ఆట ఆడేవాళ్లం. ఒకరు కథ చెప్తూ రాక్షసుణ్ణి వదులుతారు. మిగతావాళ్లు వీరులై, పాచికలు వేసి వాణ్ణి కొడతారు. నేనైతే మూల కూర్చుని "ఊఁ" కొట్టే వీరవనితను. ఆ రోజు మొదటిసారి కథ నా చేతికిచ్చారు. బాగా చెప్తే ఇక ప్రతివారం నేనే. లేదంటే మళ్లీ మూలకే.

నా రాక్షసి ఒక వెండి కంచం. రాజు అన్నం మధ్యలో ప్రాణం విడిచాడు. ఆ ఎంగిలి కంచాన్ని ఎవరూ కడగలేదు, అందుకే దానికి దయ్యం పట్టింది. తోమి కడిగితే శాంతిస్తుంది. లాలాపేటలో మా ఇంట్లో కంచాన్ని తలె అంటాం. కానీ చెప్పులు గుమ్మం బయట విడిచినట్టు, ఇంటి మాటలన్నీ యూనివర్సిటీ గేటు దగ్గరే విడిచి లోపలికి వెళ్లే రకాన్ని నేను. ఆ రోజు కూడా అద్దం ముందు "కంచం, కంచం" అని జపం చేసి మరీ బయల్దేరాను.

తీరా భయపెట్టబోయి నేనే భయపడ్డాను. భయమేస్తే ఎవరికైనా అమ్మ మాటే కదండీ వచ్చేది!

"చీకట్లో... గాల్లో తేలుతూ... ఒక తలె!"

"అమ్మో, తలా!" అంది సాహితి. వాళ్లది కాకినాడ. "ఎవరిది?"

"రాజుగారిది."

"ఎలా ఉంది?" అన్నాడు తెనాలి కార్తీక్.

"గుండ్రంగా, తళతళా మెరుస్తోంది."

"బట్టతలన్నమాట! మీసాలున్నాయా?"

అప్పుడు వెలిగింది నాకు. తల కాదు, కంచం అంటే సరిపోయేది. కానీ "మరి తలె అన్నావేంటి?" అని అడిగితే? ఆ ఒక్క ప్రశ్నకు జడిసి, "ఉన్నాయి" అనేశాను. కంచానికి మీసాలు మొలిచాయి.

కార్తీక్ కత్తితో పొడిచాడు.

"ఖంగుమంది," అన్నాను.

"తల ఖంగుమనడమేంటి?"

"గట్టి తల."

పాచికలు కలిసిరాక వీరులిద్దరి ప్రాణాలూ కొసకొచ్చాయి. చంపడం ఇష్టంలేక దారి చూపించబోయాను. "పాపం, దాన్ని ఏళ్ల తరబడి ఎవరూ కడగలేదు."

"అయితే తలంటు పోద్దాం!" అంది సాహితి. "రాజుగారి కోటలో కుంకుడుకాయలున్నాయా?"

"లేవు. బూడిదా, కొబ్బరి పీచూ ఉన్నాయి."

"మహారాజుని పీచుతో తోమాలా?"

"మెల్లగా," అన్నాను.

సరిగ్గా అప్పుడే సాహితి రూమ్మేట్ స్రవంతక్క లోపలికొచ్చింది. వరంగల్ మనిషి. "ఏందే, ఎవర్ని తోముతున్నరు?"

"దయ్యం తలని అక్కా, బూడిదతో!"

అక్క అందర్నీ వదిలి నావైపు చూసింది. "తలనా, తలెనా?"

నా ముఖమే చెప్పేసింది.

"తలె అంటే కంచం రా! బూడిదతోని తోమక షాంపుతోని తోముతరా?" అంటూ అక్క నవ్వలేక నేల మీద కూలబడింది.

కార్తీక్ పాచికలు కింద పడేశాడు. "అంటే ఇంతసేపూ కంచానికి తలంటు పోశామా! మరి మీసాలెందుకు పెట్టావే?"

"నువ్వడిగావని."

ఆ నవ్వులకు కింది ఫ్లాటువాళ్లు పైకొచ్చారు. నేనేమో నవ్వుల్లో నా మాటను ఎవరు వెక్కిరిస్తారా అని చెవులు రిక్కించి కూర్చున్నాను. ఎవరూ వెక్కిరించలేదు. మీసాలకు నవ్వారు, నన్ను చూసి నవ్వారు, నా మాటకు కాదు. సాహితి మాత్రం "తలె, తలె" అని నెమ్మదిగా పలికి చూసుకుంది, కొత్త గాజు చేతికి వేసుకుని చూసుకున్నట్టు. ఏడాదిగా నేను కాపలా కాసింది ఏ దొంగ కోసమో నాకు అర్థం కాలేదు.

"వచ్చే శనివారం కూడా నువ్వే చెప్పాలి," అంది సాహితి. "కాస్త గట్టిగా."

అందుకని సకల పాత్రసామాను సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట తల పోయినా సరే, తలెను దాచను.